సగటు జీతం

పోయిన వారం మిమ్మల్ని బ్యాంకు మెట్ల మీద నిలబెట్టి వెళ్ళిపోయాను. ఎండలో నిలబెట్టానని ఏమీ అనుకోకండి, నేనూ అక్కడే మాడాను. మా చెల్లి బోల్టుకి మెకానికల్ ఇంజినీరింగులో సీటు వచ్చింది, ఫీజుకి అప్పు కావాలి, ఇది మీకు తెలిసిందే. బ్యాంకు మేడమ్ నాన్న వివరాలు కంప్యూటర్లో కొట్టి, కాసేపు తెర వైపు చూసి, "మీ హామీ సరిపోదండీ, మీ పెద్దమ్మాయి సంతకం పెట్టాలి" అని ఫారం నా వైపు జరిపింది. ఎందుకు సరిపోదని నేను నోరు తెరిచేలోపే నాన్న "వయసమ్మా, వయసు. రిటైరైనవాణ్ణి ఎవరు నమ్ముతారు" అని నవ్వేసి నన్ను బయటికి లాక్కొచ్చాడు. సోమవారం పొద్దున్నే బ్యాంకు తెరిచేసరికి నా సంతకంతో ఆ ఫారం అక్కడ ఉండాలి. లేకపోతే మధ్యాహ్నానికి సీటు ఇంకొకరిది.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం. ఫారం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, సంతకం చేయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఇంట్లో అందరూ ఆ బ్యాగు వైపు దొంగచూపులు చూస్తున్నారు, నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగడం లేదు.

నా గోడు కూడా ఒక్క ముక్క చెప్పనివ్వండి. నేను డయాగ్నస్టిక్ ల్యాబులో రక్తం తీస్తాను. పొద్దుటి నుంచి జనం చేతులు పట్టుకుని నరాలు వెతకడమే నా ఉద్యోగం. నాతో పనిచేసే ఆవిడా నేనూ కలిసి సొంతంగా ఒక చిన్న కలెక్షన్ సెంటర్ పెట్టుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాం. ఒక గది, ఒక ఫ్రిజ్, రక్తం తిప్పే మిషను ఒకటి, అంతే. దానికీ బ్యాంకు అప్పే దిక్కు. మేడమ్ ఆ రోజే మొహమాటం లేకుండా చెప్పింది, ఒక జీతం మీద రెండు అప్పులు నిలవవు, చెల్లెలికి హామీ ఉంటే మీ సెంటర్ మాట మళ్ళీ ఎత్తకండి అని. బోల్టు చదువు పూర్తయి సంపాదించి కట్టేసుకుంటే నేను ఉత్త సంతకాన్నే. సంపాదించలేకపోతే ఆ వాయిదాలన్నీ నా నెత్తిన పడతాయి.

కాబట్టి తేలాల్సింది ఒక్కటే. మెకానికల్ చదివితే చేతికి ఎంతొస్తుంది?

ఇది ఎవరినైనా అడిగితే తేలిపోయే విషయమని మీరు అనుకుంటున్నారు. మా వాళ్ళ సంగతి మీకు తెలీదు. మా వంశం మొత్తానికి మెకానికల్ ఇంజినీరు ఒక్కడే, చనిపోయిన పెద్దనాన్న కొడుకు, మాకు అన్నయ్య. ఎవరి చదువు మాట వచ్చినా చివరికి తన జీతం దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆ జీతం ఎంతో మాత్రం ఎవరికీ తెలీదు. మా ఇళ్ళలో ఎదురుగా జీతం అడగడం మర్యాద కాదు. వెనకాల అంచనాలు వేసుకోవడం మాత్రం ఎంతసేపైనా మర్యాదే. పైగా అడక్కుండానే చెప్పే అంకె వినేవాళ్ళను బట్టి మారుతుంది. మా పైకప్పు కారుతున్న రోజుల్లో అమ్మ చేబదులు కోసం వెళ్తే, పెద్దమ్మ మొహం వేలాడేసుకుని, "వాడికొచ్చే ఇరవై రెండు వేలు దేనికీ చాలడం లేదే" అంది. మరుసటి నెల అదే అమ్మ అన్నయ్యకి సంబంధం పట్టుకెళ్తే, అదే పెద్దమ్మ పిల్ల తరఫు వాళ్ళ ముందు అరవై వేలంది. అమ్మ టీ కప్పు పట్టుకుని గుడ్లప్పగించి చూసిందట.

నాన్న ఆ రెండు అంకెల్నీ కూడి రెండుతో భాగించాడు.

నిజమే చెప్తున్నాను. బస్సులో కండక్టరుగా చేసినన్నాళ్ళూ సాయంత్రం సంచిలో డబ్బుకీ టికెట్లకీ చిల్లరతో సహా లెక్క కుదిరేదాకా ఇంటికి రాని మనిషి, రెండు కోతల్ని కలిపి సగటు తీసి, "నలభై ఒకటి అనుకుందాం" అన్నాడు. బోల్టు కట్టాల్సిన వాయిదా నెలకి పదిహేను, పోగా ఇరవై ఆరు మిగులుతుంది, ఇంకేం కావాలి అని వారం నుంచీ నోటిలెక్కలు వేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాన్నా, రెండు తప్పుడు రిపోర్టుల్ని కలిపి సగం చేస్తే సరైన రిపోర్టు రాదు" అన్నాను.

"నువ్వు ప్రతిదానికీ సూది గుచ్చుతావు" అన్నాడు నాన్న.

ఆ సూది పోటు తట్టుకోలేకే కాబోలు, అన్నయ్యని ఆదివారం టీకి రమ్మన్నాడు. పిల్లకి చదువు గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని పిలిచాడట. జీతం అడగడానికి అని చెప్పలేదు. అన్నయ్య ఒక్కడే రాలేదు, వెనకే పెద్దమ్మ కూడా దిగింది. తన కొడుకుని ఎవరి ఇంట్లోనూ ఒంటరిగా నోరు విప్పనివ్వదు ఆవిడ.

మా ముందుగదిలో ఉన్నవి నాలుగు కుర్చీలు, ఒక మంచం. బోల్టు కిటికీ గట్టు మీద కూర్చుంది. చిన్నప్పుడు అమ్మ పడుకున్న మంచానికి బోల్టులన్నీ ఊడదీసి అమ్మని దబ్బున కింద పడేసినప్పటి నుంచీ దానికి ఆ పేరు. అమ్మ నడుము ఇప్పటికీ చలికాలంలో ఆ సంగతి గుర్తు చేస్తుంది. అందరూ కంప్యూటర్లు చదవమని ఏడాదంతా చెవిలో ఊదినా అది వినలేదు. చక్రం ఎందుకు తిరుగుతుందో, ఎక్కడ అరుగుతుందో తెలుసుకోవాలి, నాకు ఇంకేదీ వద్దు అంది. కోరుకున్నది దొరికింది. ఇప్పుడు నా చేతిలో ఉన్న పెన్ను వైపు చూస్తోంది.

టీ అయింది. బిస్కెట్లు అయ్యాయి. నాన్న వాతావరణం గురించి మాట్లాడాడు. పెద్దమ్మ మోకాళ్ళ గురించి మాట్లాడింది, ఆ తర్వాత తన మేడ మీద వాటాకి రంగులు వేయించి కోడలి కోసం తాళం వేసి ఉంచిన సంగతి ఎన్నోసారో చెప్పింది. ఆ తాళాల గుత్తి ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే ఉంటుంది. నాన్న స్కూటర్ ఎందుకు అమ్మేశాడని ఆవిడే అడిగితే, ట్రాఫిక్‌లో కళ్ళు తిరుగుతున్నాయి వదినా, నడక మంచిదన్నారు అని నాన్న నవ్వాడు. అసలు విషయం మాత్రం ఇద్దరూ ముట్టుకోవడం లేదు. నాన్న ఉద్యోగం ఎలా ఉందంటాడు, అన్నయ్య నోరు తెరుస్తాడు, "వాడికేం, హాయిగా ఉన్నాడు" అని పెద్దమ్మ మూసేస్తుంది. కంపెనీ బాగా చూసుకుంటోందా అంటే, నెత్తిన పెట్టుకుంటున్నారు అంటుంది. ఆఖరికి నాన్న గొంతు సవరించుకుని, "మేమేదో నలభై ఒకటి అనుకుంటున్నాం" అని గోడకి చెప్పినట్టు చెప్పాడు. పెద్దమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఈ గదిలో తను చెప్పిన రెండు అంకెలూ విన్నవాళ్ళున్నారు, ఏది ఒప్పుకున్నా రెండోది అబద్ధమవుతుంది. ఈ మూడో అంకె ఎవరినీ నొప్పించదు.

"అటూ ఇటూగా అంతే మరిదీ" అంది.

నేను తల పట్టుకున్నాను. నా బతుకు పదేళ్ళ పాటు ఆ 'అటూ ఇటూగా' మీద నిలబడాలి.

అప్పుడు బోల్టు గట్టు దిగి వచ్చి అన్నయ్య ఎదురుగా నేల మీద కూర్చుంది. "అన్నయ్యా, ఒకటో తారీకున నీ చేతికి ఎంతొస్తుంది?"

పెద్దమ్మ మర్యాదలు గుర్తు చేయబోయింది. పెద్దవాళ్ళని అలా అడుగుతారా, నేర్పించలేదా అని అమ్మ వైపు చూసింది. అమ్మ ఖాళీ కప్పులు సర్దడంలో మునిగిపోయినట్టు నటించింది. అన్నయ్య మాత్రం బోల్టు మొహంలోకే చూస్తున్నాడు. తన కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. ఆ చేత్తోనే కప్పు కింద పెట్టాడు.

"పంతొమ్మిది వేలు" అన్నాడు.

సగటు కాదు సరికదా, పెద్దమ్మ చెప్పిన చిన్న అబద్ధం కన్నా తక్కువ. ఏడుపు మొహంతో చెప్పిన అంకె కూడా పెంచి చెప్పిందే. ఇలాంటి ఇంట్లో పుట్టి రిపోర్టులు ఇచ్చే ఉద్యోగం ఎలా చేస్తున్నానో నాకే తెలీదు.

నాకు ఒళ్ళు తేలికైంది, దాచుకోను. పంతొమ్మిదిలో పదిహేను వాయిదాకి పోతే మిగిలేది నాలుగు. లెక్క తేలిపోయింది. సంతకం పెట్టనక్కర్లేదు, పెట్టనందుకు నన్ను ఎవరూ తప్పుపట్టలేరు, మా సెంటర్ ఫ్రిజ్ అప్పుడే కళ్ళ ముందు కనబడింది. ఆ వెంటనే బోల్టు మొహం కూడా కనబడింది. అది ఏడవలేదు. తల ఊపి, "సరే" అంది. అంత చిన్నగా అది ఏ మాటా అనడం నేను ఎప్పుడూ వినలేదు. నాకు చిరాకు రెట్టింపైంది. ఈసారి ఎవరి మీదో నాకే తెలీలేదు. బ్యాగు జిప్పు గట్టిగా లాగాను.

"ఆగు, మూసెయ్యకు" అన్నాడు అన్నయ్య. "నా జీతం చూసి దీన్ని ఆపకు. నా లెక్క దీనికి పనికిరాదు. నేను ఇంజినీర్ని కాదు."

పెద్దమ్మ "ఒరేయ్" అంది. తను ఆగలేదు.

ఆఖరి ఏడాది రెండు సబ్జెక్టులు పోయాయట. మళ్ళీ రాస్తే సరిపోతుందిలే, ఈలోగా బయట ఎవరికీ చెప్పకు అని పెద్దమ్మ అందట. అప్పటికే వీధిలో వాళ్ళందరికీ కొడుకు పాసయ్యాడని చెప్పేసింది. మళ్ళీ రాసే లోపే బ్యాంకు వాయిదాలు మొదలయ్యాయి. వాయిదాల కోసం దొరికిన పనిలో చేరాడు, ఆ పనిలో చేరాక చదవడానికి తీరిక లేదు. ఏసీలు బాగుచేసే కంపెనీ. అక్కడ నిచ్చెన మోసేవాడి దగ్గర్నుంచి అందరి చొక్కా జేబు మీదా 'సర్వీస్ ఇంజినీర్' అనే కుట్టి ఉంటుందట. ఆ చొక్కా ఫోటోనే పెద్దమ్మ ముందుగదిలో ఫ్రేము కట్టించి పెట్టింది. మేమందరం ఆ ఫోటో చూసి మెకానికల్ చదివితే ఏమవుతారో తెలుసుకున్నాం.

నాకు అరవాలనిపించింది. ఇన్నేళ్ళూ మా ఇంట్లో మెకానికల్ చదువు మంచీ చెడూ ఈ ఒక్క మనిషిని చూసి తూచాం. పెద్దనాన్న వాళ్ళబ్బాయిని చూడు అని ఒకళ్ళు, చూశాంగా వాళ్ళబ్బాయిని అని ఇంకొకళ్ళు. రక్తం తీయకుండానే రిపోర్టు రాసుకుని, దాని మీద మందులు కూడా మింగుతున్నట్టుంది మా వ్యవహారం.

అరవలేదు. అడిగాను. "నీతో చదివి పాసైనవాళ్ళకి ఎంతొస్తోంది? అమ్మలు చెప్పేది కాదు, నువ్వు చూసింది చెప్పు."

తను చూశాడు. వాళ్ళల్లో కొందరి ఆఫీసుల్లో ఏసీలు తనే శుభ్రం చేస్తాడట. ఒకడు గుర్తుపట్టి కుర్చీ వేశాడు, ఇంకొకడు గుర్తుపట్టి ఫోను చూసుకున్నాడు. పాసైనవాళ్ళకి మొదట్లో పాతిక లోపే వచ్చిందని చెప్పాడు. వాయిదా కట్టగా మిగిలేదానితో ఒక గదిలో ముగ్గురు నలుగురు సర్దుకున్నారు. ఒకరిద్దరు విసుగొచ్చి కంప్యూటర్ల వైపు వెళ్ళి, ముందుగా బాగుపడ్డారు. యంత్రాల డిజైను పట్టుకుని ఓపిగ్గా కూర్చున్నవాళ్ళు ఇప్పుడు యాభై దాటారు, వాళ్ళ అప్పు సగం తీరింది. అప్పు తీసుకుని డిగ్రీ చేతికి రానివాళ్ళు ఇంకొందరున్నారట. వాళ్ళ గురించి చెప్పడానికి ఏమీ లేదు, నన్ను చూస్తే చాలు అన్నాడు.

"పాసయ్యావా లేదా అని అప్పు అడగదు. దానికి నెల తిరిగితే చాలు" అన్నాడు బోల్టుతో. "నువ్వు వెళ్తే మాత్రం పూర్తి చెయ్యి. అది ఒక్కటే నాకు తెలిసిన లెక్క."

మొదటిసారిగా మా ఇంట్లో ఒక నిజమైన అంకె పుట్టింది. మొదటి మూడు నాలుగేళ్ళు ఊపిరాడదు, నేనూ ఓ చెయ్యి వెయ్యాల్సి వస్తుంది, ఆ తర్వాత పరవాలేదు. నా సెంటర్ వెనక్కి పోతుంది, కానీ పూర్తిగా పోదు. తూచుకోవడానికి ఇప్పుడు ఏదో ఒకటి ఉంది. నేను తూచుకుంటూ ఉండగా అన్నయ్య లెక్కే నాకు అడ్డం తగిలింది. లెక్క కుదిరేదాకా వదలని ఆ అలవాటు నాన్న నుంచి వచ్చింది.

"అన్నయ్యా, నీ వాయిదా ఎంత?"

"పదకొండు."

"పంతొమ్మిదిలో పదకొండు పోతే ఎనిమిది. ఎనిమిదితో పెద్దమ్మ మందులు, మీ ఇద్దరి తిండి, కరెంటు, నీ రానూపోనూ ఖర్చులు. ఎలా నెట్టుకొస్తున్నారు?"

అన్నయ్య నాన్న వైపు చూశాడు. నాన్న మంచినీళ్ళు తెచ్చుకుంటానని లేచాడు. బల్ల మీద ఆయన గ్లాసు నిండుగానే ఉంది.

"చెప్పేయనా బాబాయ్?" అన్నాడు అన్నయ్య.

నాన్న ఆ నిండు గ్లాసునే అందుకున్నాడు.

"నా అప్పుకి హామీ సంతకం బాబాయిదే. మా నాన్న చనిపోయిన ఏడాది ఎవరూ ముందుకి రాకపోతే పెట్టాడు. పోయినేడు నేను రెండు నెలలు వరసగా కట్టలేకపోయాను. అప్పట్నుంచి వాయిదా బాబాయి పెన్షన్లోంచే పోతోంది. మళ్ళీ సర్దుకోగానే ఇస్తానన్నాను."

అమ్మ చేతిలో కప్పులున్న పళ్ళెం బల్ల మీద పెట్టింది. "స్కూటరు" అంది.

వయసు కాదు. బ్యాంకు మేడమ్ కంప్యూటర్లో అంతసేపు చూసింది నాన్న వయసు కాదు. మేడమ్ ఆ మాట ఎక్కడ బయటపెడుతుందోనని నన్ను చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. ఈ చదువు తెచ్చే జీతానికీ అప్పుకీ మధ్య ఉన్న తేడా ఈ ఇంట్లో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు, నెలనెలా ఆయనే మోస్తున్నాడు. తెలిసే నలభై ఒకటి అన్నాడు. కోపమొచ్చింది, జాలేసింది.

నాన్న మాత్రం నా వైపు చూడటం లేదు. అన్నయ్యని అడిగాడు, చాలా నెమ్మదిగా. "రెండు సబ్జెక్టులా? నాకు పాసయ్యావనే చెప్పావు కదరా."

అన్నయ్య తల దించుకున్నాడు. వాయిదాలు కడుతున్న మనిషికి కూడా నిజం చెప్పలేదన్నమాట.

ఎవరూ ఏమీ మాట్లాడకముందే బోల్టు లేచి నా దగ్గరికి వచ్చింది. "అక్కా, సంతకం పెట్టకు. నేను వెళ్ళను. ఇప్పటికే ఒకరిది మోస్తున్నాం" అంది.

ఇంకా మిగిలిన ఒక్క తెలివైనదీ ఇలా తయారైంది. ఇప్పటిదాకా అబద్ధాలతో లెక్కలు చేశారు, ఇప్పుడు ఇది త్యాగంతో లెక్క చేస్తోంది. ఈ ఇంట్లో ఎవరైనా ఉన్న డబ్బుతో లెక్క చేసేది ఎప్పుడు?

ఫారం తీసి బల్ల మీద పరిచాను. పెన్ను మూత తీశాను.

"నేను పెడతాను. నువ్వు వెళ్తావు, పూర్తి చేస్తావు. అన్నయ్య ఆ రెండు సబ్జెక్టులూ మళ్ళీ రాస్తాడు" అన్నాను. "కానీ నాన్న పెన్షన్ నాన్నకి రావాలి. అది తేలకుండా నేను ఇంకో అప్పు ఈ ఇంట్లోకి రానివ్వను." అని పెద్దమ్మ వైపు తిరిగాను. "మీ మేడ మీద వాటా తాళాలు ఇటివ్వు పెద్దమ్మా. రాని కోడలి కోసం ఎన్నాళ్ళు మూసిపెడతావు? అద్దెకిద్దాం. ఆ అద్దెతో అన్నయ్య వాయిదా కట్టొచ్చు."

పెద్దమ్మ చెయ్యి బొడ్లోని గుత్తి మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"అది ఖాళీగా లేదే" అంది.

"పైన ఎవరూ లేరు కదమ్మా" అన్నాడు అన్నయ్య.

"మనుషులు లేరు. టైర్ల కొట్టువాళ్ళు సరుకు పెట్టుకున్నారు. నువ్వు పనికెళ్ళాక వెనక మెట్ల మీంచి వచ్చిపోతారు." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "అద్దెకిచ్చి ఏడాది దాటింది."

ఏడాది. నాన్న స్కూటరు అమ్మింది కూడా అప్పుడే. నా పెన్ను సంతకం చేయాల్సిన చోటికి కొంచెం పైన ఆగిపోయింది.

నాన్న కుర్చీ లాక్కుని పెద్దమ్మకి ఎదురుగా కూర్చున్నాడు. జన్మలో ఎవరినీ ఎదురుగా డబ్బు సంగతి అడగని మనిషి, సాయంత్రం డిపోలో సంచి బోర్లించి లెక్కకి కూర్చున్నప్పటి మొహంతో అడిగాడు.

"అద్దె ఎంత వదినా?"